అమ్మోనియా ఎటు పోతుంది?

యూరియా కట్ట 2018 నుంచి 45 కిలోలు. అంతకు ముందు 50 ఉండేది. అందులో నత్రజని నూటికి 46 పాళ్లు, అంటే కట్టకి 20.7 కిలోలు. నీళ్లు నిలిచిన వరి చేలో చల్లిన నత్రజనిలో పంట నోటికి అందేది మూడో వంతు, మహా అయితే 40 శాతం అని వ్యవసాయ శాస్త్రం దశాబ్దాలుగా చెబుతూనే ఉంది. తక్కింది కొంత మురుగు కాలవ పాలు, కొంత మట్టి అడుక్కి, కొంత గాల్లోకి. గాల్లోకి లేచిపోయేది ముఖ్యంగా అమ్మోనియా రూపంలోనే. మన డెల్టాలో నేల కిందనుంచి తీసిన గ్యాసుని కాకినాడ పంపి, వందల వాతావరణాల పీడనంలో నలిపి తయారు చేసినదీ ఆ అమ్మోనియానే. దాన్ని తయారు చేయడానికి అక్కడి ఇంజనీర్లు ఏ కిటుకు వాడారో, దాన్ని మన చేలోంచి ఎత్తుకుపోవడానికి పడమటి గాలీ ఆ కిటుకే వాడుతుంది.

ఆ కిటుకుకి ఇంటర్మీడియట్ పుస్తకంలో లే చాటెలియర్ సూత్రం అని పేరు. రెండు మార్కుల ప్రశ్న. నిర్వచనం రాసి, అమ్మోనియా ఉదాహరణ ఇచ్చి, తర్వాతి ప్రశ్నకి పోతాం. రసాయన సమతాస్థితినీ, చర్యల్లో శక్తి మార్పులనీ పుస్తకంలో వేర్వేరు పాఠాలుగా పెట్టడం వల్ల జరిగే నష్టం ఏమిటో గోదావరి జిల్లాలంత బాగా చూపించే చోటు ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఇక్కడ సున్నపు బట్టీ ఉంది, కాగితం మిల్లు ఉంది, ఎరువుల ఫ్యాక్టరీ ఉంది, రాకెట్ ఇంధనం ఉంది, రొయ్యల చెరువు ఉంది. ఒంట్లో శక్తి ఏ రూపంలో దాగి ఉంటుందో కనిపెట్టిన మనిషి పుట్టిన ఊరూ ఇక్కడే ఉంది. వీటన్నిటినీ ఒక్క ప్రశ్నతో చూడొచ్చు: చర్య ఎంత దూరం పోతుంది, ఎవరు దాన్ని అక్కడ ఆగనివ్వరు?

ముందు సున్నంతో మొదలుపెడతాను. సిమెంటు రంగులు రాక ముందు సంక్రాంతికి గోడలకి వేసింది గుల్లసున్నం. గుల్లల్ని బొగ్గుతో కలిపి బట్టీలో కాలుస్తారు. గుల్ల అంటే కాల్షియం కార్బొనేటు. వేడికి అది కాల్షియం ఆక్సైడుగా, బొగ్గుపులుసు వాయువుగా విడిపోతుంది. మోల్‌కి 178 కిలోజౌళ్లు మింగుతుంది. మూసిన పాత్రలో అయితే వాయువు మళ్లీ సున్నంతో కలిసి గుల్లే అవుతుంది. దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళితే గానీ ఆ వాయువు పీడనం బయటి వాతావరణంతో సరితూగదు. కానీ బట్టీ మూసిన పాత్ర కాదు. కింద గాలి రావడానికి దారి ఉంటుంది, పైన పొగ పోతుంది. పుట్టిన వాయువు పుట్టినట్టే వెళ్లిపోతుంటే వెనక్కి తిరిగే చర్యకి జత దొరకదు. అందుకే అంతకన్నా కాస్త తక్కువ వేడిలోనూ గుల్ల కాలుతుంది. బట్టీ కాల్చేవాడికి సమతాస్థితి అన్న మాట తెలియదు, గాలి ఆడకపోతే గుల్ల పచ్చిగా మిగిలిపోతుందని మాత్రం తెలుసు.

తర్వాత కాలిన గుల్ల మీద నీళ్లు పోస్తారు. కుండలో కుతకుత ఉడుకుతుంది, చెయ్యి పెట్టలేం. అప్పుడు మోల్‌కి 65 కిలోజౌళ్లు బయటికి వస్తాయి. ఆ తడి సున్నాన్ని గోడకి కొడితే, వారాల తరబడి గాల్లోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్లీ కార్బొనేటు అవుతుంది. అప్పుడు 113. ఈ రెండూ కూడండి: 178. బట్టీలో పెట్టిన పెట్టుబడి రెండు వాయిదాల్లో, ఒకటి కుండలో తెలిసేలా, ఒకటి గోడ మీద తెలియకుండా, పైసాతో సహా తిరిగొచ్చింది. దీన్నే హెస్ నియమం అంటారు. దారి ఏదైనా శక్తి లెక్క ఒకటే. దీనికి కెలోరీమీటరు బొమ్మ గీయమని పిల్లల్ని విసిగిస్తాం గానీ ఒక్క సున్నపు కుండ చాలు.

శక్తి లెక్క కుదిరినంత మాత్రాన చర్య ఎటు నడుస్తుందో తెలిసినట్టు కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో చాలామంది ఇక్కడే తడబడ్డారు. వేడి పుట్టే చర్య మాత్రమే తనంతట తాను నడుస్తుందని బెర్తెలో లాంటి పెద్దలే నమ్మారు. నవసాగరం నీళ్లలో కరుగుతూ గ్లాసుని చల్లబరుస్తుంది, అయినా కరుగుతుంది. మరి దాన్నేమంటాం? 1864లో నార్వే బావమరుదులు గుల్డ్‌బెర్గ్, వాగే పదార్థాల మొత్తాన్ని బట్టి ఎదురెదురు చర్యలు ఎక్కడ సరితూగుతాయో చెప్పే నియమం ప్రతిపాదించారు. అమెరికాలో విల్లర్డ్ గిబ్స్ వేడినీ క్రమరాహిత్యాన్నీ కలిపి ఒకే తక్కెడలో పెట్టాడు. 1884లో వాంట్ హాఫ్ ఉష్ణోగ్రతకీ సమతాస్థితి స్థిరాంకానికీ సంబంధం చెప్పాడు. ఆ ఏడాదే లే చాటెలియర్ తన సూత్రం ప్రకటించాడు. లే చాటెలియర్ సూత్రం చెప్పేది తక్కెడ ఎటు మొగ్గుతుందనే. ఎంత మొగ్గుతుందో చెప్పదు, ఎప్పటికి మొగ్గుతుందో అసలే చెప్పదు. ఈ చివరి మాట నేను కాలేజీ రోజుల్లో ఒక పరీక్షలో తప్పు రాశాను. ఉత్ప్రేరకం వేస్తే అమ్మోనియా దిగుబడి పెరుగుతుందని రాసి, మార్కులు పోగొట్టుకున్నాను. ఉత్ప్రేరకం దిగుబడిని పెంచదు. చేరాల్సిన చోటికి తొందరగా చేరుస్తుంది, అంతే.

ఎంత దూరం, ఎంత వేగం అన్నవి రెండు వేరు ప్రశ్నలని కోనసీమ వాళ్లకి ఒక ప్రమాదమే చూపించింది. సహజవాయువు గాలితో కలిసి మండితే మోల్‌కి 890 కిలోజౌళ్లు. ఆ చర్య వెనక్కి తిరగడమన్నది లెక్కకి కూడా రాదు. అయినా గ్యాసూ గాలీ కలిసినంత మాత్రాన అంటుకోవు, నిప్పురవ్వ కావాలి. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావి అదుపు తప్పి అంటుకున్నాక ఆ మంట 65 రోజులు ఆరలేదు. నేల కింద లక్షల ఏళ్లు కదలకుండా పడున్న శక్తే అది.

ఇక అమ్మోనియా. దాని కథ సున్నం కథకి తలకిందులు. నత్రజని ఒక పాలు, ఉదజని మూడు పాళ్లు కలిస్తే రెండు పాళ్లు అమ్మోనియా, 92 కిలోజౌళ్ల వేడి. నాలుగు పాళ్లు రెండు పాళ్లవుతాయి కాబట్టి పీడనం పెంచితే మేలు. వేడి పుడుతుంది కాబట్టి చల్లగా ఉంచితే మేలు. కానీ చల్లగా ఉంచితే నత్రజని అణువులోని బంధం కదలదు. వేడి చేస్తే కదులుతుంది గానీ పుట్టిన అమ్మోనియా విడిపోతుంది. కొలతలు చూస్తే ఈ ఇరకాటం ఎంతటిదో అర్థమవుతుంది. 100 వాతావరణాల పీడనంలో 200 డిగ్రీల దగ్గర సమతాస్థితికి చేరిన వాయువులో అమ్మోనియా 81 శాతం పైన. 400 డిగ్రీలకి అది 25కి పడుతుంది. 500 డిగ్రీలకి 10 శాతం చిల్లర. పీడనం 300కి పెంచితే 500 డిగ్రీల దగ్గర 26 దాకా లాగొచ్చు. 200 డిగ్రీల దగ్గర దిగుబడి బ్రహ్మాండం, కాకపోతే అక్కడికి చేరేసరికి ఫ్యాక్టరీ యజమానికి మనవలు పుడతారు.

ఈ చిక్కుముడి విప్పబోయిన వాళ్లలో లే చాటెలియర్ కూడా ఉన్నాడని చాలామందికి తెలియదు. 1901లో ఆయన ప్రయత్నిస్తుండగా పరికరంలోకి గాలి చేరి పేలింది. ఆయన వదిలేశాడు. సూత్రం చెప్పిన మనిషికే సూత్రం ఫలం దక్కలేదు. తర్వాత ఫ్రిట్జ్ హేబర్ వంతు. సుమారు 1000 డిగ్రీల దగ్గర మామూలు పీడనంలో ఆయన కొలిచిన అమ్మోనియా 0.005 శాతం. ఈ అంకె తప్పని 1907లో నెర్న్‌స్ట్ పది మందిలో కాదన్నాడు. అసలు అంకె ఇంకా తక్కువన్నమాట. ఆ పంతంతోనే హేబర్ మళ్లీ కొలిచాడనీ, రాబర్ట్ లే రాసిన్యోల్ అనే చేయి తిరిగిన పనివాడి సాయంతో పీడనం వైపు నడిచాడనీ చరిత్రకారులు చెబుతారు. 1909 జులై 2న కార్ల్స్‌రూలో గొట్టం చివర ద్రవ అమ్మోనియా చుక్కలు పడ్డాయి. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు, మిట్టాష్ వేల మిశ్రమాలు పరీక్షించి చౌకైన ఇనుప ఉత్ప్రేరకం తేల్చాడు. 1913లో ఓప్పావులో ఉత్పత్తి మొదలైంది.

వీళ్ల కథలో పీడనానికీ ఉత్ప్రేరకానికీ వచ్చిన పేరు మూడో సంగతికి రాలేదు. అదేమిటంటే, చుట్టు తిప్పడం. ఒక్క విడతలో 15, 20 శాతమే అమ్మోనియా అయితే, ఆ వాయువుని చల్లార్చితే అమ్మోనియా ఒక్కటే ద్రవమై కిందికి దిగుతుంది. మిగిలిన నత్రజనీ ఉదజనీ మళ్లీ కన్వర్టర్లోకి. మళ్లీ కొంత, మళ్లీ చల్లార్చడం. పుట్టినదాన్ని తీసేస్తూ పోతే సమతాస్థితి చేతికి చిక్కదు, చర్య ముందుకే నడవాలి. గుల్లసున్నం బట్టీలో గాలి చేసిన పని ఇక్కడ శీతలయంత్రం చేస్తుంది. నన్నడిగితే హేబర్ విధానానికి ఆయువుపట్టు ఈ చుట్టే.

కాకినాడలో నాగార్జున ఫెర్టిలైజర్స్ కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసుతో 1992లో మొదటి యూనిట్, 1998లో రెండోది ప్రారంభించింది. రెండూ కలిపి ఏడాదికి దాదాపు 12 లక్షల టన్నుల యూరియా సామర్థ్యం ఉండేది. గ్యాసు ఆధారంగా నడిచే ఇలాంటి ప్లాంట్‌లో ఒకదాని వెనక ఒకటిగా నాలుగైదు సమతాస్థితులు వరసలో నిలబడి ఉంటాయి. మీథేన్ని ఆవిరితో 800 డిగ్రీలు దాటిన గొట్టాల్లో విడగొట్టడం వేడి మింగే చర్య, మోల్‌కి 206 కిలోజౌళ్లు, కాబట్టి అక్కడ మంట. పుట్టిన కార్బన్ మోనాక్సైడుని ఆవిరితో మార్చడం వేడి పుట్టే చర్య, 41 కిలోజౌళ్లు, కాబట్టి అక్కడ చల్లదనం. పోనీ మొదటినుంచీ చల్లగా నడిపితే పోదా? వేగం చాలదు. అందుకే దాన్ని రెండు మెట్లు చేశారు. ముందు 350, 400 డిగ్రీల దగ్గర ఇనుప ఉత్ప్రేరకంతో పరుగు, తర్వాత 200 డిగ్రీల చిల్లరలో రాగి ఉత్ప్రేరకంతో మిగిలింది ఊడ్చడం. ఆ తర్వాత అమ్మోనియాకీ బొగ్గుపులుసు వాయువుకీ పెళ్లి. కార్బమేటు పుట్టేటప్పుడు బోలెడు వేడి, అది నీరు వదిలి యూరియా అయ్యేటప్పుడు కాస్త వేడి మింగడం. ఈ రెండో మెట్టు 180, 190 డిగ్రీల దగ్గర కూడా సగం పైచిలుకే పోతుంది. మిగిలిన కార్బమేటుని మళ్లీ విడగొట్టి వెనక్కి పంపాల్సిందే. ఇక్కడా చుట్టే.

మేలైన ప్లాంట్లలో టన్ను అమ్మోనియాకి 28 గిగాజౌళ్ల దరిదాపు శక్తి ఖర్చవుతుంది. దీనికి బదులు ఎండా గాలీ నుంచి వచ్చిన కరెంటుతో నీటిని విడగొట్టి ఉదజని తీసి, దాంతో అమ్మోనియా చేస్తామని 2024లో కాకినాడలోనే ఏఎం గ్రీన్ అనే కంపెనీ పెట్టుబడి నిర్ణయం ప్రకటించింది. లక్ష్యం ఏడాదికి 10 లక్షల టన్నులు. దీని మీద పత్రికల్లో రాసేవాళ్లు అమ్మోనియా తయారీయే మారిపోతుందన్నట్టు రాస్తున్నారు. మారేది ఉదజని వచ్చే దారి. టన్ను అమ్మోనియాకి 177 కిలోల ఉదజని కావాలి. కిలోకి 50 యూనిట్ల కరెంటు అనుకున్నా 8,850 యూనిట్లు, అంటే దాదాపు 32 గిగాజౌళ్లు. శక్తి ఖర్చు తగ్గదు, శక్తి వచ్చే చోటు మారుతుంది, పొగ తగ్గుతుంది. అది తక్కువేమీ కాదు. కన్వర్టర్లో మాత్రం 1909 నాటి ఇరకాటం ఇరకాటమే.

తక్కిన ఫ్యాక్టరీల గురించి క్లుప్తంగా. రాజమండ్రి కాగితం మిల్లులో కర్రని ఉడికించే కాస్టిక్ సోడాని మిల్లే తిరిగి తయారు చేసుకుంటుంది. సోడియం కార్బొనేటు ద్రావణంలో తడి సున్నం కలిపితే కాస్టిక్ పుట్టి, కాల్షియం కార్బొనేటు బురదగా అడుక్కి దిగుతుంది. ఇదీ ఎంత కలియబెట్టినా నూటికి 80, 85 దగ్గర ఆగుతుంది, సమతాస్థితి హద్దు అది. ఆ బురదని కాలిస్తే మళ్లీ సున్నం. అంటే మిల్లు లోపల మన గుల్లసున్నం బట్టీయే రాత్రింబవళ్లు తిరుగుతూ ఉంటుంది. ఉడికించగా మిగిలిన నల్ల ద్రావణం మండించి ఆవిరి తీస్తారు. సగ్గొండలోనూ తణుకులోనూ ఆంధ్ర సుగర్స్ వాళ్ల ఫ్యాక్టరీలు ఉన్నాయి. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ పంచదార కోసం మొదలుపెట్టిన సంస్థ, ఇస్రోకి ద్రవ ఇంధనం అందించే దాకా వచ్చింది. తణుకులో డైమిథైల్ హైడ్రజీన్ ఆధారంగా చేసే ఇంధనం పీఎస్‌ఎల్‌వీ రెండో అంచెలో నైట్రోజన్ టెట్రాక్సైడుతో కలిసి నిప్పు లేకుండానే అంటుకుంటుంది. ఆ టెట్రాక్సైడు ఎవరనుకున్నారు? ఇంటర్ పుస్తకంలో సమతాస్థితి పాఠం మొదటి పేజీలో, వేడి నీళ్లలో పెడితే గోధుమరంగుకి, మంచులో పెడితే వెలవెలబోయే ఆ గాజు బుడ్డిలోని వాయువే.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఇనుప పాత్రల్లో సంగతి. ఒంట్లో సంగతి చెప్పడానికి భీమవరం వెళ్లాలి.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలోనూ చదివారు. మన దగ్గర ఆయన పేరు చెబితే ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, కేన్సర్ మందులు గుర్తొస్తాయి. నా దృష్టిలో ఆయన అసలు పని అంతకన్నా ముందు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేసినది. 1925లో ఇద్దరూ కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రకటించారు. నమూనాలో ఆమ్లమూ మాలిబ్డేటూ వేసి, ఒక క్షయకరణి కలిపితే నీలం తిరుగుతుంది. ఎంత ముదురు నీలమో అంత ఫాస్ఫేటు. ప్రయోగశాలల్లో ఫిస్క్, సుబ్బారో పద్ధతిగా ఈనాటికీ వాడుక.

ఈ పద్ధతిని కండరం రసం మీద ప్రయోగిస్తే నీలం ఒక్కసారిగా రాకుండా, నిమిషాలు గడిచే కొద్దీ ముదురుతూ పోయింది. ఎవరైనా అయితే పద్ధతిలో లోపం అనుకుని వదిలేస్తారు. వీళ్లు అనుకోలేదు. పట్టుకుంటే విడిపోయే ఫాస్ఫేటు సమ్మేళనం ఏదో కండరంలో ఉంది, ఆమ్లం తగిలి నెమ్మదిగా విడిపోతోంది, అందుకే రంగు ఆలస్యం. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏటీపీ, అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. దాన్నే అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుక్కున్నాడు. కండరం లాక్టిక్ ఆమ్లం వల్ల పనిచేస్తుందన్న సిద్ధాంతానికి హిల్, మేయర్‌హాఫ్ 1922కి నోబెల్ అందుకుని ఉన్నారు. ఆ సిద్ధాంతం ఈ దెబ్బకి కోలుకోలేదు.

ఏటీపీ నీటితో విడిపోతే మోల్‌కి 30 కిలోజౌళ్లు పనికొస్తాయని పాఠాల్లో ఉంటుంది. అది గాజు పాత్రలో ప్రామాణిక పరిస్థితుల లెక్క. బతికున్న కణంలో అది 50 దాకా ఉంటుంది. అణువు అదే, బంధం అదే, ఎక్కువ 20 ఎక్కణ్నుంచి వచ్చాయి? కణం ఆ చర్యని సమతాస్థితికి దరిదాపుల్లోకి రానివ్వదు. విడిపోయినదాన్ని విడిపోయినట్టే మళ్లీ అతికిస్తూ ఏటీపీ మోతాదు ఎప్పుడూ పైన ఉంచుతుంది. ఆ దూరమే శక్తి. ఫాస్ఫోక్రియాటిన్ దానికి జేబులో చిల్లర లాంటిది. ఏటీపీ తగ్గబోతే తన ఫాస్ఫేటు ఇచ్చి నిలబెడుతుంది. పందెం బరిలోకి దిగిన కోడి తొలి పది సెకన్ల విసురు ఈ చిల్లరతోనే. (భీమవరం పక్కన ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏం చెప్పగలం!) ప్రాణం పోయాక అతికించేవాళ్లుండరు, ఏటీపీ ఖర్చయిపోతుంది, ఒళ్లు బిగుసుకుపోతుంది. ఏ చర్యకీ పక్కకి లాగేవాళ్లు లేని స్థితి అది.

మళ్లీ చేలోకి. యూరియా నీళ్లలో పడ్డాక యూరియేజ్ అనే ఎంజైము దాన్ని అమ్మోనియం కార్బొనేటుగా మారుస్తుంది. నీటిలో అమ్మోనియం అయాను ఒక వైపు, అమ్మోనియా వాయువు ఇంకో వైపు. మధ్య తక్కెడని నడిపేది పీహెచ్. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర ఉన్న మొత్తంలో వాయువు వాటా 0.8 శాతం. 8 దగ్గర 7.4. 9 దగ్గర దాదాపు 45. చేలో నీరు ఎప్పుడు 9కి పోతుందంటే, ఎండ ఎక్కిన మిట్టమధ్యాహ్నం. నీటిలోని నాచు బొగ్గుపులుసు వాయువుని తినేస్తుంది, ఆమ్లత తగ్గుతుంది, పీహెచ్ లేస్తుంది. అమ్మోనియా నీటి పైకొస్తుంది. గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. పోయిన కొద్దీ తక్కెడ సరిచేసుకోవడానికి ఇంకొంత అమ్మోనియం అమ్మోనియా అవుతుంది. మళ్లీ గాలి. కాకినాడ చుట్టుకీ దీనికీ తేడా లేదు. అక్కడ తీసినదాన్ని టాంకులో దాస్తారు, ఇక్కడ దాచేవాళ్లు లేరు. వాసన కూడా రాదు, బహిరంగంలో పలచబడిపోతుంది. కట్టలో ఎంత పోయిందో రైతుకి కనపడే దారి లేదు.

దీనికి మన వ్యవసాయాధికారులు ఏళ్ల తరబడి చెబుతున్న సలహా ఒకటి ఉంది. నీరు తీసేసి, బురద పదునులో యూరియా చల్లి, 36 నుంచి 48 గంటలాగి పలచగా నీరు పెట్టమని. దీని వెనక ఉన్న రసాయన శాస్త్రాన్ని ఎవరూ విప్పి చెప్పరు, అదే నా ఫిర్యాదు. డెల్టా బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. ధనావేశం ఉన్న అమ్మోనియం అయాను దానికి అంటుకుంటుంది. అంటే మట్టి కూడా తీసేసే చెయ్యే. గాలి వాయువుని తీస్తుంది, మట్టి అయానుని తీస్తుంది. మధ్యలో నీరు లోతుగా ఉంటే గాలి గెలుస్తుంది. నీరు లేని బురదలో మట్టి గెలుస్తుంది. 2015 నుంచి దేశంలో యూరియా అంతటికీ వేప పూత తప్పనిసరి. అది మంచిదే, కానీ అది అమ్మోనియం నైట్రేటుగా మారే వేగాన్ని ప్రధానంగా తగ్గిస్తుంది. గాల్లోకి పోయే దారిని మూయదు. వేప పూత ఉంది కదా అని నిండు నీటిలో మధ్యాహ్నం చల్లడం, తాళం కొని తలుపు తీసి ఉంచడమే. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925 నుంచి ఈ జిల్లాల మధ్యనే ఉంది. అక్కడి స్వర్ణ రకం పేరు చెప్పని రైతు లేడు. రకాల గురించి మాట్లాడుకున్నంతగా చల్లే వేళ గురించి మాట్లాడుకోం.

చివరికి చెరువు. 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చాక వరి చేలు చెరువులయిన వేగం మనకి తెలుసు. రొయ్యకి అమ్మోనియా చేటు, అమ్మోనియం అంత చేటు కాదు. మేత మిగిలినా, రొయ్య విసర్జించినా రెండూ కలిపే నీటిలో చేరతాయి, కిట్టుతో పరీక్ష చేస్తే రెండూ కలిపే కనిపిస్తాయి. తెల్లవారుజామున చెరువంతా ఊపిరి వదిలి ఉంటుంది, బొగ్గుపులుసు వాయువు పేరుకుని పీహెచ్ 7.5 దగ్గర ఉంటుంది. అప్పుడు 30 డిగ్రీల మంచినీటిలో వాయువు వాటా రెండున్నర శాతం. సాయంత్రానికి పీహెచ్ 9 అయితే 45. కిట్టు చూపే అంకె రెండు పూటలా ఒకటే, విషం 18 రెట్లు. ఉప్పునీటిలో ఈ వాటా కాస్త తగ్గుతుంది గానీ లెక్క నడిచే తీరు అదే. ఆక్సిజన్ గడియారం దీనికి ఎదురు తిరుగుతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) పడిపోయేది తెల్లవారుజామున, రొయ్య తేలేదీ అప్పుడే. అందుకే రైతు రాత్రంతా ఏరేటర్లు తిప్పి, పొద్దున్నే పీహెచ్ చూసి, బాగానే ఉందని నిద్రపోతాడు.

రెండు పొరపాట్లు మరీ ఎక్కువ. మొదటిది జియోలైటు. మంచినీటి చెరువులో అది అమ్మోనియం అయానుని కొంత పట్టుకుంటుంది. ఉప్పునీటిలో సోడియం అయాన్లు అంతకి వందల రెట్లు ఉంటాయి, అవే చోటు ఆక్రమిస్తాయి. అయాన్ల మార్పిడి కూడా సమతాస్థితే, జనం ఎక్కువున్న వైపే గెలుస్తుంది. ఉప్పుచెరువులో జియోలైటు బస్తా చల్లడం డబ్బు చల్లడమే. రెండోది కాల్చిన సున్నం. నీరు పచ్చబడిందనో, అడుగు చెడిందనో అమ్మోనియా ఉన్న చెరువులో మధ్యాహ్నం కాల్చిన సున్నం వేస్తే పీహెచ్ ఒక్కసారి ఎగిరి, అమ్మోనియం అంతా అమ్మోనియా వైపు మొగ్గుతుంది. చెరువుని కాపాడబోయి మనమే విషం తయారు చేసినట్టు. దానికి బదులు పొడి చేసిన సున్నపురాయి, అంటే కాల్చని కార్బొనేటు వేస్తే, అది పీహెచ్ 8.3 దాటాక ఇక కరగదు. దాని సమతాస్థితే దానికి కళ్లెం.

ఏరేటర్ బిల్లు తగ్గించుకునే దారులు వెతికే రైతులకీ, చెరువుల దగ్గర సలహాలిచ్చే టెక్నీషియన్లకీ ఒక్క మనవి. పొద్దున ఆరింటికి చూసిన పీహెచ్ పక్కనే సాయంత్రం నాలుగింటికి చూసినదీ రాయండి. పుస్తకంలో ఒక గడి అదనం, అంతే ఖర్చు.